సప్పుడు లేని బండి

పొద్దున దేవరాజ్ మోటార్‌సైకిల్ గేటు దాటి, సందు చివరి పిండిగిర్ని దగ్గర మలుపు తిరిగి, దాని దడదడ చప్పుడు హైవే మీది లారీల హోరులో కలిసిపోయేదాకా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. చప్పుడు పూర్తిగా వినిపించకుండా పోయాక అతని భార్య నవత రొట్టెల పెనం దించి, వంటగది గడప మీదే కూర్చుని గ్లాసెడు నీళ్లు తాగుతుంది. తల్లి నాగమ్మ దిండు కింద దాచుకున్న నశ్యం డబ్బీ తీస్తుంది. కూతురు అక్షత గదిలోంచి వచ్చి టీవీ పెట్టి, జడ అల్లుకుంటూ కాలేజీకి తయారవుతుంది.

సాయంత్రం ఇదంతా తిరగబడుతుంది. గిర్ని మలుపు దగ్గర ఆ చప్పుడు వినపడగానే టీవీ ఆగిపోతుంది. నశ్యం డబ్బీ దిండు కిందికి పోతుంది. నవత పెనం మళ్లీ పొయ్యి మీద పెట్టి, వాకిట్లో చెప్పులు వరసగా ఉన్నాయో లేదో తొంగిచూసి, కూరలో ఉప్పు ఇంకోసారి నాలుక మీద వేసుకుంటుంది. బండి గేటు ముందు ఆగేసరికి ఇల్లు ఎలా ఉండాలో అలా ఉంటుంది.

దేవరాజ్ తాగడు. పేకాట జోలికి పోడు. చిరాగ్‌పల్లి దగ్గర ట్రాక్టర్ విడిభాగాల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. జహీరాబాద్‌లో అతని గురించి ఎవరినడిగినా మంచిమాటే చెబుతారు. పెళ్లిళ్లలో దగ్గరుండి వడ్డిస్తాడు, ఎవరికైనా బాగాలేదంటే దవాఖానకు తనే తీసుకుపోతాడు. ఇంట్లోకి అడుగుపెట్టాకే అతనిలో ఇంకో మనిషి లేస్తాడు. ఏ మాట ఎక్కడ తగులుతుందో తెలియదు. రొట్టె చల్లారిందని కంచం గోడకేసి కొట్టిన రోజులున్నాయి. ఫోన్‌లో నవ్వుతున్నావెందుకని కూతురి ఫోన్ నేలకేసి పగలగొట్టిన రోజూ ఉంది.

అన్నిటికంటే నవతకు గుర్తున్నది రెండేళ్ల కిందటి వానాకాలం. ఆ రోజు బండి రిపేరుకని మెకానిక్ జబ్బార్ దగ్గర వదిలి, వానలో తడుస్తూ నడిచొచ్చాడు. చప్పుడేదీ లేదు. ముగ్గురూ సీరియల్ చూస్తున్నారు. పొయ్యి మీద ఏమీ లేదు. "నేను అక్కడ చస్తుంటే మీరిక్కడ సీన్మ చూస్తున్నరా?" అని నవత చెయ్యి పట్టి లేపాడు. లేపడంలో ఆ మణికట్టు మెలి తిరిగి ఎముక విరిగింది. దవాఖానలో బాత్రూంలో జారిపడిందని చెప్పారు. చెప్పింది నవతే. పక్కన నిలబడి తలూపింది నాగమ్మ. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

ఇన్నాళ్ల తర్వాత ఒక సాయంత్రం దేవరాజ్ మంచి ఉషారుగా వచ్చాడు. కాళ్లు కడుక్కుని కూర్చుని, జొన్నరొట్టె పుంటికూరలో అద్దుకుంటూ అన్నాడు.

"జబ్బార్ భాయ్ చెప్పేసిండు. ఇంజన్ల ఇగ దమ్ము లేదంట. ఎంత పెట్టినా దండగే అన్నడు."

నవత ఇంకో రొట్టె వేసింది.

"కరెంట్ బండి తీసుకుందామని చూస్తున్న. ఫ్యాక్టరీల చార్జింగ్ పాయింట్లు పెట్టిన్రు, మనకు ఫ్రీ. స్కూటర్ కాదు, మోటార్‌సైకిలే. మాతోని పనిచేసే నర్సింలు తెచ్చిండు మొన్న. ఎట్ల పోతదనుకున్నవ్! పక్కకొచ్చి నిలబడేదాకా వచ్చినట్టే తెల్వదు. అసలు సప్పుడే లేదు."

నవత చేతిలో రొట్టె పెనం అంచుకు తగిలి విరిగింది. విరిగిన ముక్కను గబుక్కున పక్కకు పెట్టి ఇంకోటి చేయసాగింది. దేవరాజ్ గమనించలేదు. కూతురి వైపు తిరిగాడు.

"అక్షతా, నువ్వు కంప్యూటర్లు సదువుతున్నవ్ గద. ఏ బండి ఎన్ని కిలోమీటర్లు ఇస్తది, బ్యాటరీకి గ్యారంటీ ఎంత, అన్ని చూసి పెట్టు. ఐతారం పోయి చూసొద్దం."

"సరే డాడీ," అంది అక్షత. కంచంలోంచి తల ఎత్తలేదు.

మర్నాడు చప్పుడు గిర్ని దాటిపోయాక చాలాసేపు ముగ్గురూ ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. చివరికి నాగమ్మే మంచం మీద నుంచి అంది.

"మరి వాడొచ్చేది మనకెట్ల తెలుస్తదే?"

అదే మాట రాత్రంతా నవత గుండెల్లో తిరుగుతూనే ఉంది. పైకి అన్నాక ఇంకా భయమేసింది. "ఏమో అత్తమ్మా," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అక్షత వెనకే వచ్చింది. "అమ్మా, నేను చూసిన. ఒక బండికి స్పీకర్ ఉంటదంట. ఇంజన్ లెక్క సప్పుడు చేస్తది. రోడ్డు మీద నడిచేటోళ్లకు వినపడాలని పెట్టిన్రు. డాడీతోని అదే కొనిపిస్త."

"వద్దు బిడ్డా. ఎందుకని అడుగుతడు."

"అడిగితే చెప్పనీకి కారణాలు వెతుకుత," అంది అక్షత. నవత ఆ పిల్ల ముఖం చూసింది. ఇరవై ఏళ్ల పిల్ల. బండి కొందామంటే ఎగిరి గంతెయ్యాల్సిన వయసు. తండ్రి అడుగుల అలికిడి ఎలా పట్టుకోవాలా అని ఇంటర్నెట్‌లో వెతుకుతోంది.

ఆదివారం ముగ్గురూ షోరూంకు వెళ్లారు. తండ్రీకూతుళ్లు పాత బండి మీద, నవత ఆటోలో. హైవే పక్కన కొత్తగా పెట్టిన పెద్ద షోరూం అది. షాదాబ్ అనే సేల్స్‌మన్ ఎదురొచ్చి కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించాడు. మూడు బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

"సార్, ఈ ఎర్రబండికి బ్యాటరీ బయటికి తీసుకోవచ్చు. ఇంట్ల పెట్టి చార్జ్ చేసుకోవచ్చు. గని దూరం తక్కువ, వంద దాటదు. ఈ నీలం బండి నూటయాభై ఇస్తది, పికప్ జబర్దస్త్. ఫిక్స్‌డ్ బ్యాటరీ, మీ ఫ్యాక్టరీల పాయింట్ ఉన్నదంటున్నరు కాబట్టి ఫికర్ లేదు. ఇగ ఈ నల్లబండి రెండిటికీ నడుమ."

దేవరాజ్ ఒక్కో బండి చుట్టూ తిరిగాడు. టైర్లు నొక్కి చూశాడు. బ్రేకుల గురించి, వానలో మోటారుకు నీళ్లు తగిలితే ఏమవుతుందనే దాని గురించి అడిగాడు. షాదాబ్‌తో జోకులేశాడు. చాయ్ తెచ్చిన మనిషిని పేరడిగి, ఏ ఊరని అడిగాడు. "మీ డాడీ మస్తు కలుపుగోలు మనిషి మేడం," అన్నాడు షాదాబ్ అక్షతతో. అక్షత నవ్వి ఊరుకుంది.

"డాడీ, నల్లబండి మంచిగుంది," అంది తర్వాత.

"ఎట్ల? నీలందాని కంటే దూరం తక్కువ, ధర ఎక్కువ."

"సర్వీసింగ్ ఇక్కడనే చేస్తరంట. నీలందానికి ఏదన్న పెద్ద రిపేరొస్తే సంగారెడ్డి పోవాలె. మల్ల దీనికి సప్పుడుంటది. మన సందుల చిన్న పిల్లలు ఆడుకుంటరు, బండి వస్తున్నది వాళ్లకు తెల్వాలె గద."

దేవరాజ్ ఆలోచించాడు. అంతలో షాదాబ్ ముందుకొచ్చాడు.

"సప్పుడు నచ్చకపోయినా ఫికర్ లేదు సార్. ఇగో, ఈ బటన్ నొక్కితే స్పీకర్ బంద్."

"అట్లయితే నేను ఎప్పుడూ బందే పెట్టుకుంట," అని దేవరాజ్ నవ్వాడు. "సప్పుడు వద్దనే గద ఈ బండి కొనేది!"

అక్షత ముఖంలో రంగు పోయింది. నవత అక్కడ నిలబడలేక షోరూం ముందరి చెట్టు నీడలోకి వచ్చింది. హైవే మీద లారీలు పోతున్నాయి. ఇప్పుడేం చేయాలి? సాయంత్రం ఆరుకు వస్తాడు, కొన్నిసార్లు అయిదుకే వస్తాడు, కొన్నిసార్లు ఎనిమిదవుతుంది. అయిదు నుంచి ఎనిమిదిదాకా రోజూ గేటు వైపే చూస్తూ కూర్చోవాలా? ఎన్ని రోజులు? ఎన్నేళ్లు?

"ఎట్లుంది?"

మాట సరిగ్గా ఆమె వీపు వెనక వినిపించింది. నవత కెవ్వుమంది. తుళ్లిపడి, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి చూస్తే దేవరాజ్ నీలం బండి మీద, ఆమెకు జానెడు దూరంలో ఆగి ఉన్నాడు. టెస్ట్ రైడ్‌కు తీసుకున్నాడు. ఎప్పుడు బయటికొచ్చాడో, ఎప్పుడు చుట్టు తిరిగాడో ఆమెకు తెలియనే లేదు.

షాదాబ్ పరుగున వచ్చి, "ఏమైంది మేడం? డరా దియా సార్ నే! భయపెట్టేసిన్రు!" అని నవ్వాడు. దేవరాజ్ కూడా నవ్వాడు. అతని పెదాలే నవ్వాయి. కళ్లు మాత్రం ఆమె చేతుల మీదే ఉన్నాయి. ముఖానికి అడ్డం పెట్టుకున్న ఆ చేతుల మీద.

ఇంటికొచ్చాక చెప్పులు విడవకముందే అడిగాడు. "అంతమంది ముందట అట్ల ఒర్రుతరా? నేనేదో కొట్టనీకి వచ్చినట్టు చేతులడ్డం పెట్టుకుంటివి. ఆ పిలగాడు ఏమనుకుంటడు?"

"ఏదో లారీ అనుకున్న," అంది నవత.

"సప్పుడు లేని లారీనా?"

అతను కాసేపు ఆమెనే చూసి, పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీని కాలితో తన్నాడు. కుర్చీ వెళ్లి నాగమ్మ మంచానికి తగిలింది. ఆ రోజు అంతటితో పోయింది. అంతటితో పోయినందుకు నవత పొయ్యి దగ్గర నిలబడి దేవుడికి దండం పెట్టుకుంది.

ఆ వారమంతా అన్నాల దగ్గర బండి మాటే. అక్షత రోజుకో కారణం తెచ్చేది. నీలందాని బ్యాటరీ కింద ఉంటుంది, వాన పడితే మన సందులో మోకాలిలోతు నీళ్లు నిలుస్తాయి అంది. దేవరాజ్ షాదాబ్‌కు ఫోన్ చేసి కనుక్కుని, నీళ్లు పోకుండా సీల్ వేశారంటాడు. సీటు ఎత్తు ఎక్కువ, నానమ్మ వెనక కూర్చోలేదు అంది. "మీ నానమ్మ నా బండెక్కి ఎన్నేండ్లయింది?" అంటాడు. స్పీకర్‌కు బటన్ లేని మోడల్ ఉందేమో కనుక్కోమంది. ఆ మాటకు దేవరాజ్ రొట్టె తుంచడం ఆపి కూతుర్ని పరీక్షగా చూశాడు.

"నీకు సప్పుడుతోని ఏం పనే?"

"సేఫ్టీ కోసం డాడీ."

"ఎవలి సేఫ్టీ?"

అక్షత తల వంచుకుంది. నవత మధ్యలోకి వచ్చి, "పప్పు వెయ్యాల్నా?" అని అడిగింది. దేవరాజ్ ఏమీ అనకుండా చెయ్యి కడుక్కుని లేచాడు. అతను ఏమీ అనని రోజులు ఇంకా భయం. ఆ కోపం ఎక్కడ దాగి ఉందో, ఎప్పుడు బయటికొస్తుందో తెలియదు.

శుక్రవారం సాయంత్రం నవత కందికాయలు వొలుస్తోంది. ఝరాసంగం వైపు నుంచి బుట్టల్లో తెచ్చి అమ్ముతున్నారని పొద్దున కొన్నది. అక్షత కాలేజీ నుంచి వచ్చి తల్లి పక్కనే నేల మీద కూర్చుని తనూ వొలుస్తోంది. ఇంకా అయిదు కాలేదు. సందులో ఏ చప్పుడూ లేదు. నాగమ్మ నశ్యం పట్టు పట్టి, తన పెళ్లయిన కొత్తలో మొగుడితో బీదర్‌కు బస్సెక్కిన కథ ఎత్తుకుంది.

"ఆ కండక్టర్ కన్నడంల ఏందో అడుగుతున్నడు. మీ తాతకు ఇజ్జత్ పోతదని తెలిసినట్టే అన్నిటికీ 'హౌదు, హౌదు' అని అవునంటుండు. వాడు ఇంకోటడిగిండు. ఈయన మల్ల 'హౌదు' అన్నడు. వాడు బస్సాపి మమ్ముల్ని నడిమిట్ల దించేసిండు!"

"ఎందుకు నానమ్మా?"

"వాడడిగింది, 'ఇక్కడ్నే దిగుతరా' అని!"

అక్షత పగలబడి నవ్వింది. నవత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. నాగమ్మ లేచి నిలబడి, చంకలో దిండును మూటలా పెట్టుకుని ఎర్రటి ఎండలో రోడ్డు పక్కన నిలబడ్డ తన మొగుడిలా ముఖం పెట్టి, "హౌదు!" అంది. నవత కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. గట్టిగా, గొంతెత్తి నవ్వింది.

నవ్వుతూనే తల తిప్పింది. గుమ్మంలో దేవరాజ్ నిలబడి ఉన్నాడు.

చేతిలో హెల్మెట్ ఉంది. అతని వెనక, గేటు లోపల నీలం బండి ఆగి ఉంది. గేటు తీసిందీ వినపడలేదు.

నాగమ్మ చంకలో దిండు జారిపోయింది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే నశ్యం డబ్బీ మీదికి పోయింది. నవత ఒక్క ఉదుటున లేచింది, ఒళ్లోని జల్లెడ బోర్లాపడి కందిగింజలు నేలంతా దొర్లాయి. "ఇప్పుడే... ఇప్పుడే రొట్టె పెడ్త," అంది.

"షోరూమోళ్లు రేపటిదాకా వాడి చూడమని ఇచ్చిన్రు," అన్నాడు దేవరాజ్ నెమ్మదిగా. "ఏంది, ఆగిపోయిన్రు? చెప్పమ్మా. కండక్టర్ దించినంక ఏమైంది?"

"ఏం లేదు కొడుకా. ఊర్కనే."

"ఊర్కనే ఏంది? ఇంతసేపు నవ్విన్రు గద!" అతని గొంతు పెరిగింది. "నేను రాంగనే ఎందుకు బంద్ అయింది? నేనేమన్న దయ్యాన్నా?" హెల్మెట్‌ను తలుపుకేసి కొట్టాడు. నవత గోడకు అతుక్కుపోయింది.

అక్షత వచ్చి తల్లికి ముందు నిలబడింది.

"డాడీ, అమ్మను కొట్టకుండ్రి."

దేవరాజ్ నోరు తెరిచాడు. "నేను కొట్టిన్నా? నేను చెయ్యన్న లేపిన్నా ఇప్పుడు?"

అతను కూతురి వైపు వేలు చూపాడు.

"నల్లబండి, నల్లబండి అని వారం దినాల నుంచి పట్టువట్టినవ్. సప్పుడుండాలె అన్నవ్. అసలు సంగతేందే? చెప్పు!"

"అక్షతా, ఊకో," అంది నవత. అప్పటికే ఆలస్యమైంది.

"మీరొచ్చేది మాకు తెల్వాలె డాడీ."

"తెలిస్తే?"

"తెలిస్తే తయారుగ ఉంటం."

"దేనికి తయారు?"

అక్షత ఏడుపు మింగుకుంటూ చెప్పింది. "గిర్ని కాడ మీ బండి సప్పుడు వినపడంగనే నేను టీవీ బంద్ చేస్త. నానమ్మ డబ్బీ దాస్తది. అమ్మ ఉప్పు చూస్తది, చెప్పులు సదురుతది. మీరు గేటు కాడికి వచ్చేటోల్ల అన్నీ అయిపోవాలె. నేను అమ్మ ముఖం చూస్త. అమ్మ ముఖం చూస్తేనే నాకు ఆ రోజు ఎట్లుంటదో తెలుస్తది. ఆ సప్పుడు లేకుంటే మేం ఏం చెయ్యాలె డాడీ? ఎప్పుడు నవ్వాలె? ఎప్పుడు ఆపాలె?"

దేవరాజ్ ముఖం నల్లబడింది. "ఇదంతా మీ అమ్మ నేర్పిందా నీకు?" అంటూ ఒక అడుగు ముందుకేశాడు.

ఆ ఒక్క అడుగుతో నవతలో ఏదో తెగింది. భయం పోలేదు. ఇంకా పెరిగింది. కానీ తన ముందు నిలబడి వణుకుతున్నది తన కూతురు. ఆమె అక్షత భుజం పట్టి పక్కకు జరిపి, తనే ముందుకొచ్చింది.

"నేనేం నేర్పలే. నాకు మాట్లాడుడే రాదు, ఇగ ఏం నేర్పుత?" కుడి చెయ్యి ఎత్తి చూపింది. "రెండేండ్ల కింద నేను బాత్రూంల జారిపడలే. మీకు తెలుసు, నాకు తెలుసు. ఆ రోజు మీ బండి జబ్బార్ దగ్గరుండె. మీరు సప్పుడు లేకుండ వచ్చిన్రు. గప్పటి నుంచి ఈ చెయ్యి బిందె లేపదు. గప్పటి నుంచే నేను ఆ సప్పుడు కోసం చెవులు పెట్టుకొని కూసుంటున్న."

ఆమె గొంతు తగ్గించలేదు. పక్కింటివాళ్లు వింటారన్న సంగతి కూడా తోచలేదు.

దేవరాజ్ తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వన్న చెప్పు వీళ్లకు. నేనింత చెడ్డోణ్నా?"

నాగమ్మ మంచం కోడు పట్టుకుని నిలబడి ఉంది. కొడుకు ముఖం చూడకుండానే అంది.

"నేనేం చెప్పాలె బిడ్డా. నాగ్గూడ నువ్వంటే భయమే."

దేవరాజ్ అలాగే నిలబడిపోయాడు. తల్లి ముఖం, భార్య ముఖం, కూతురి ముఖం మారి మారి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, హెల్మెట్ కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. బండి ఎప్పుడు కదిలిందో ఎవరికీ వినపడలేదు. నవత గేటు దాకా పోయి చూసేసరికి సందు ఖాళీగా ఉంది.

అక్కడి నుంచి అసలు భయం మొదలైంది. అతను ఎంత దూరం పోయాడో తెలియదు. ఎప్పుడొస్తాడో తెలియదు. ఎలా వస్తాడో అసలే తెలియదు. అక్షత కిటికీ రెక్క కొద్దిగా తెరిచి సందులోకి చూస్తోంది. గాలికి గేటు కదిలితే ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. పక్కింటి వాళ్లు బకెట్ నేల మీద పెట్టినా ఉలిక్కిపడ్డారు. నాగమ్మ మంచం మీద కాళ్లు ముడుచుకుని, "నేను అట్ల అనకుండ ఉండాల్సింది," అని గొణుక్కుంటోంది.

"అమ్మా, కోహీర్‌కు ఫోన్ చేసి మామను రమ్మంటా?" అంది అక్షత.

నవత తమ్ముడు కోహీర్‌లో ఉంటాడు. ఇన్నేళ్లలో ఆమె అతనికి ఒక్క మాట చెప్పలేదు. ఇప్పుడు తలుపు వైపు చూసింది. మొగుడు బయట ఉండగా ఆ తలుపు గడియ పెట్టడమనేది ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. లేచి వెళ్లి గడియ పెట్టింది. రెండుసార్లు ప్రయత్నించాక పడింది.

"చెయ్యి," అంది. "పొద్దుగాల రమ్మను. ఏమైందో నేను చెప్త."

అక్షత ఫోన్ చేసి మాట్లాడి పెట్టేసింది. మసక చీకటి పడింది. ఎవరూ లైట్ వెయ్యలేదు. ఎంతసేపు గడిచిందో, గేటు బయట నుంచి ఒక గొంతు వినపడింది.

"నవతా. నేనే. వచ్చిన."

ముగ్గురూ కదల్లేదు. నవత తలుపుకు చెవి పెట్టింది. అడుగుల చప్పుడు రాలేదు. గేటు తీసిన చప్పుడూ రాలేదు. మళ్లీ అదే గొంతు, ఈసారి ఇంకా మెల్లగా.

"నేను లోపలికి వస్తలే. ఈడ్నే ఉన్న. భయపడకుండ్రి."

నవత గడియ తియ్యకుండానే కిటికీలోంచి చూసింది. దేవరాజ్ గేటు బయట, బండి పక్కన సందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతుల్లో తల పట్టుకున్నాడు. వీధి దీపం వెలుతురులో అతని భుజాలు కదులుతున్నాయి.

ఆమె అలాగే చూస్తూ ఉండిపోయింది. మొదట నమ్మలేదు. ఇంకా ఏదో ఉందనుకుంది. తర్వాత గడియ తీసి, గేటు దాకా నడిచి, గేటుకు ఇవతలే ఆగింది.

"చిరాగ్‌పల్లి దాక పోయిన," అన్నాడు అతను, తల ఎత్తకుండా. "ఆడ రోడ్డు పక్కకు ఆపుకొని కూసున్న. ముందుగాల నువ్వు చెప్పిందే యాదికొచ్చింది... కాదు. అంతకుముందుది. నేను గుమ్మంల నిలబడ్డప్పుడు మీరు నవ్వుతున్నరు. ముందు సుట్టాలెవరో వచ్చిన్రనుకున్న. నీ నవ్వు నేను గుర్తుపట్టలే నవతా. ఇన్నేండ్ల సంసారం చేసి నీ నవ్వు గుర్తుపట్టలే. అమ్మ అంత మంచిగ కథ చెప్తదని కూడ నాకు తెల్వదు. జరసేపు అట్లనే నిలబడి విందామనుకున్న. గంతల మీరు నన్ను చూసిన్రు. ఆ ముఖాలు..."

ముంజేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"ఫ్యాక్టరీల అందరు నన్ను చూసి నవ్వుకుంట వస్తరు. ఇంట్ల కూడ మర్యాదనే అనుకున్న. మీరు ఏం మాట్లాడకుండ ఊకునుడు అంటే మర్యాద అనుకున్న."

నవత గుండె కరిగింది. కరిగిందని ఆమెకే కోపం వచ్చింది. గేటు ఊచలు గట్టిగా పట్టుకుంది.

"నేనొకటి చెప్త వినుండ్రి. మీరు ఏడుస్తున్నరని నేను గేటు తీస్తలే. రేప్పొద్దుగాల మా తమ్ముడు వస్తడు. వాని ముందట చెయ్యి సంగతి నేను చెప్త. మీరు కాదనొద్దు. ఇగ ముందల మీ చెయ్యి నా మీద గని, పిల్ల మీద గని లేస్తే, కంచం గోడకు తగిలినా సరే, అత్తమ్మను గూడ తీస్కొని ఇదే గేట్ల నుంచి పోతం. మల్ల రాం."

"చెప్పు," అన్నాడు అతను. "నేను కాదన. మీ తమ్ముని ముందట నేనే చెప్త."

"చూస్త," అంది నవత.

గేటు గొళ్లెం తీసింది. అతను లేచాడు గానీ వెంటనే లోపలికి రాలేదు. బండి తాళంచెవి ఆమె వైపు చాపాడు. "రేపు దీన్ని వాపస్ ఇచ్చేస్త. ఇగ వద్దు ఈ బండి."

"బండి తప్పేం లేదు డాడీ."

ఆ మాట అన్నది అక్షత. ఎప్పుడొచ్చిందో వచ్చి ఇంటి గుమ్మంలో నిలబడింది. రెండు చేతులూ రెండు వైపులా తలుపుచెక్కలకు ఆనించి, దారికి అడ్డంగా నిలబడింది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

దేవరాజ్ మెట్ల దాకా వచ్చి ఆగాడు. "నీకు ఇంక భయంగనే ఉన్నదా బిడ్డా?"

అక్షత తలూపింది. "ఉన్నది. ఇయ్యాల పోదు. రేపు గూడ పోదు కావొచ్చు."

"పోకపోనీ. నన్ను చూసుకుంట ఉండు. ఎప్పుడు పోతే అప్పుడే."

లోపల నుంచి నాగమ్మ గొంతు వచ్చింది. "దేవా, పొద్దటి నుంచి తిన్నవా?" అని. ఆమె అలా అడగగానే అతను మళ్లీ ముఖం తిప్పుకున్నాడు. చెప్పులు విడిచి పక్కకు పెట్టాడు. అక్కడి నుంచి ముందుకు రాలేదు.

నవత కూతుర్ని పక్కకు జరగమనలేదు. మొగుణ్ని రమ్మనీ అనలేదు. కూతురి చేతి కిందుగా లోపలికి వెళ్లి లైట్ వేసి, నేల మీద దొర్లిన కందిగింజలు ఒక్కొక్కటే ఏరసాగింది. ఏరుతూ ఏరుతూ మధ్యలో తలెత్తి గుమ్మం వైపు చూసింది.

అక్షత చేతులు దించడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ దేవరాజ్ మెట్ల మీదే, చీకట్లో, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.